పండిన బొమ్మ

హాల్విక్ రేవులో, చేపలకు పొగబెట్టే షెడ్డు పక్కన, ఏటా కోత కాలంలో ఇంటి గోడంత చెక్క పలక ఒకటి లేస్తుంది. దాని వెనక నుంచి మేకులు దిగ్గొడితే మొనలు ముందుకు పొడుచుకొస్తాయి. ఆ మొనలకు ఆపిల్ పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ పోవాలి. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి, గోధుమరంగు గరుకు తోలువి. శుక్రవారం పొద్దుటికి బొమ్మ పూర్తవాలి. పండగ మూడు రోజులూ ఊరు ఊరంతా, పక్క ఊళ్ళ వాళ్ళూ, రాజధాని నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళూ దాని ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడాలి. ఆదివారం సాయంత్రానికి పళ్ళన్నీ పీకి పందులకు వేసెయ్యాలి. ఇంత కష్టమూ చివరికి పందుల పాలేనా అని బయటివాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. "అవి కూడా ఏడాదంతా ఎదురుచూస్తాయి కదండీ పాపం" అంటుంది గున్వోర్.

గున్వోర్ ఆ బొమ్మకు పెద్ద. అంటే సుత్తి ఆమె చేతిలో ఉంటుంది. సుత్తి ఎవరి చేతిలో ఉంటే గుచ్చే ఆడవాళ్ళంతా వాళ్ళ మాట వినాలి, సుత్తి పట్టినవాళ్ళు కమిటీ గీసిచ్చిన గీత దాటకూడదు. ఇదీ ఊరి కట్టుబాటు.

పూర్వం ఇంత హంగామా లేదట. కోత అయిపోయాక చర్చి తలుపుకి ఆపిళ్ళ దండ ఒకటి వేలాడదీసి, ఓ పాట పాడుకుని ఇళ్ళకు పోయేవారట. ఒక ఏడు ఎగువపేట వాళ్ళు దండ కాస్త పెద్దది కట్టారు. దిగువపేట వాళ్ళు ఊరుకుంటారా? మరుసటి ఏడు బండి చక్రమంత కట్టారు. చక్రం తలుపంత అయింది. తలుపు చాలక పలక వచ్చింది. పలక చర్చి వాకిట్లో పట్టక రేవులోకి దిగింది. పంతంలో పుట్టిన పండగ కాబట్టే ఇన్నాళ్ళు బతికిందని, భక్తిలో పుట్టి ఉంటే ఎప్పుడో చల్లారిపోయేదని ముసలివాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆ సోమవారం పొద్దున పలక వెనక సుత్తి దెబ్బలు మోగుతుండగా ట్రాక్టర్ వచ్చి ఆగింది. నడుపుతున్నది బోగ్నా. తలకు నీలం రుమాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఏటా ఆకురాలు కాలంలో పోలెండ్ నుంచి వచ్చి, గున్వోర్ అన్న తోర్కెల్ తోటలో పళ్ళు కోసి, చలి ముదిరేలోగా వెళ్ళిపోయే మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు నల్లగా ఉన్న జడ ఇప్పుడు రుమాలు కింద తెల్లగా ఉంది. భుజం అరిగిపోయింది, ఇదే ఆఖరి కోత, ఇక రానని ఈసారి దిగగానే చెప్పేసింది. ఆదివారం మధ్యాహ్నం బస్సు.

"ఎర్రవి ఎక్కడ దించను, సుత్తిగారూ?" అని అరిచింది బోగ్నా.

"గడ్డం దగ్గర దించు!"

"ఎవరి గడ్డం? నాదా, పాస్టర్‌దా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఈ ఏటి బొమ్మ పాస్టర్‌ది. ఊరికి మొట్టమొదటి ఆపిల్ అంటుకొమ్మలు తన బూటులో దాచి తెచ్చాడని చెప్పుకునే పెద్దమనిషి. ఎర్రటి గడ్డంతో, పార పట్టుకుని, మొక్క నాటుతున్నట్టు కమిటీ గీయించింది. ఆయన వెనక పెద్ద ఆకుపచ్చ గుట్ట, గుట్ట చివర ఒక చెట్టు.

అప్పుడే పత్రిక నుంచి ఫొటో తీసే కుర్రవాడు వచ్చాడు. వాడితో పాటు తోర్కెల్ కూడా కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పండగ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. బొమ్మ చేసేవాళ్ళంతా వరసగా నిలబడండి అన్నాడు. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని నిలబడ్డారు. బోగ్నా పళ్ళ పెట్టె చేతుల్లో పట్టుకుని వరస చివర ఉంది.

"బోగ్నా, కాస్త పక్కకి జరుగు. ఫొటో" అన్నాడు తోర్కెల్.

కోపంగా అనలేదు. దారికి అడ్డంగా ఉన్న కుర్చీని జరిపినట్టు, ఆలోచించకుండా అన్నాడు. బోగ్నా కూడా అంతే మామూలుగా "ఓ" అని పక్కకు తప్పుకుంది. పెట్టె కింద పెట్టడానికి అక్కడ చోటు లేదు. ఫొటోలు తీసినంతసేపూ ఆ బరువు మోస్తూ, మంచి భుజం మీదకు వాల్చుకుని, వాళ్ళ వైపు చూసి నవ్వుతూ నిలబడింది. మర్నాడు పత్రికలో వచ్చిన ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, గున్వోర్ మొహం మాత్రం చేదు మింగినట్టుంది.

ఆ సోమవారం సాయంత్రమే అన్నగారింట్లో కాఫీ దగ్గర గున్వోర్ మొదలుపెట్టింది. వదిన సివ్ దాల్చినచెక్క బన్నులు వేడివేడిగా తెచ్చి మధ్యలో పెట్టింది.

"అన్నయ్యా, బొమ్మలో ఆ గుట్ట బోడిగా ఉంది."

"గుట్ట అలాగే ఉంటుంది."

"దాని మీద బోగ్నాని పెడదాం. నిచ్చెనెక్కి కోస్తున్నట్టు."

తోర్కెల్ బన్ను కాఫీలో ముంచబోయి ఆగాడు. "బతికున్నవాళ్ళని పెట్టం. నీకు తెలీదా ఏంటి?"

"అయితే చచ్చేదాకా ఆగమంటావా?"

"నేనన్నానా ఆ మాట? పద్ధతి అంది."

"పద్ధతికి నోరెక్కడిది? నీ నోరే కదా."

సివ్ నవ్వు ఆపుకోలేక కాఫీ గిన్నె వైపు తిరిగింది. ఆ పద్ధతి వెనక కథ అందరికీ తెలిసిందే. ఎప్పుడో ఒక మేయర్ తన మొహమే పలక మీద పెట్టించుకున్నాడు. మొదటిరోజు అందరూ ఆహా అన్నారు. రెండోరోజు గోరువంకలు గుంపుగా వచ్చి ముక్కు పొడుచుకు తిన్నాయి. ఆదివారానికి చెవులు మాత్రం మిగిలాయి. ఆ ఏడే ఎన్నికల్లో ఓడిపోయాడు. అప్పటినుంచి బతికున్నవాళ్ళ మొహం పలకెక్కకూడదని కట్టుబాటు చేశారు.

"పాస్టర్ గారు అంటుకొమ్మలు తెచ్చాడు సరే" అంది గున్వోర్. "తర్వాత ఇన్నేళ్ళూ కోసిందెవరు? ఆయన దయ్యమా?"

"వచ్చే ఏడు ఆలోచిద్దాం."

"వచ్చే ఏడు ఆవిడ రాదు."

"గున్వోర్, కమిటీ గీసింది. గీసింది గీసినట్టు రావాలి. గీత దాటావంటే సుత్తి అక్కడ పెట్టి ఇంటికెళ్ళిపో. చెల్లెలివని చూడను."

"చూడకు. నువ్వెప్పుడు చూశావు గనుక?" అని గున్వోర్ లేచి, అలిగినా సరే బన్ను ఒకటి చేతిలో పట్టుకునే వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె తోటలోకి వెళ్ళింది. గుట్టకు కావలసిన ఆకుపచ్చ పళ్ళు ఎన్నుకోవాలన్నది సాకు. చెట్ల వరసల మధ్య బోగ్నా నిచ్చెన మీద ఉంది. కుడి తుంటి నిచ్చెన కర్రకు ఆనించి, కడుపు మీద కోత సంచి వేలాడుతుండగా, ఎడమ చెయ్యి పైకి చాపి కోస్తోంది. ఆమెది ఎడమ చేతివాటం. బొటనవేలు తొడిమ మీద ఆనించి, పండును లాగకుండా పైకి తిప్పుతుంది. పండు తనంతట తానే వచ్చి అరచేతిలో కూర్చుంటుంది. చెయ్యి దించేటప్పుడు మాత్రం భుజం దగ్గర చిన్నగా ఆగి, మొహం చిట్లించి, మళ్ళీ కదులుతోంది. గున్వోర్ వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"ఏంటలా చూస్తున్నావు? వెనక చిరిగిందా?" అంది బోగ్నా, తల తిప్పకుండానే.

"లేదు. కొలుస్తున్నా."

"ఎందుకు, శవపేటికకా? అప్పుడే తొందరేంటి, ఇంకా మనవరాలి పెళ్ళి చూడాలి."

"దిగిరావే తల్లీ, కాఫీ తెచ్చాను."

బోగ్నా దిగి, సంచి అడుగు తాడు విప్పి, పళ్ళు పెట్టెలోకి దెబ్బ తగలకుండా జారవిడిచింది. ఇద్దరూ పెట్టెల మీద కూర్చున్నారు.

"ఈసారైనా బొమ్మ చూసి పోవాలి" అంది బోగ్నా కప్పు చేతుల మధ్య పెట్టుకుని. "నవ్వకు. ఇన్నేళ్ళలో నేను బొమ్మ మొత్తం చూసింది లేదు. పెట్టెలు దించేటప్పుడు చూస్తే కాళ్ళుంటాయి, తల ఉండదు. పండగ మూడు రోజులూ ఇక్కడ కోత, ఆగడానికి లేదు. మళ్ళీ మీరంతా పీకేశాక ట్రాక్టర్‌లో పందులకి తోలుకెళ్ళేది నేనే. అప్పుడు ముక్కూ చెవులూ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి."

గున్వోర్‌కు నవ్వు రాలేదు. ఆ మాట ఆమెకు ఫొటో సంగతి కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఏటా తానే పిలవొచ్చు కదా. ఒక గంట రమ్మని అన్నకు చెప్పొచ్చు కదా. తోచలేదు, అంతే. తోచకపోవడం తప్పు కాదని ఎవరన్నారు?

కోల్డ్ స్టోరేజీలో సివ్ అప్పటికే ఆకుపచ్చ పళ్ళ పెట్టెలు ముందుకు లాగి పెట్టింది. ఒక వరస బ్రామ్లీలు. వంటకు వాడే పులుపు కాయలు, రాళ్ళలా నెలల తరబడి ఆకుపచ్చగానే ఉంటాయి. పక్కన గ్రావెన్‌స్టైనర్లు. గున్వోర్ వాటి మీద చెయ్యి వెయ్యబోతే సివ్ ఆపింది.

"అవొద్దు అమ్మాయ్. ఇప్పుడు ఆకుపచ్చగానే కనిపిస్తాయి, నాలుగు రోజులు ఎండ తగిలిందంటే పసుపెక్కిపోతాయి. ఆదివారానికి గుట్టకి కామెర్లొచ్చినట్టుంటుంది."

గున్వోర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక చేత్తో బ్రామ్లీ, ఒక చేత్తో గ్రావెన్‌స్టైనర్ తీసి దీపం కింద పక్కపక్కనే పెట్టింది. రెండూ ఒకే రంగు. కవల పిల్లల్లా ఉన్నాయి.

"వదినా" అంది నెమ్మదిగా. "గుట్ట అంతటికీ రాకుండా, నాకు కావలసినంత మేరకే కామెర్లొస్తే?"

సివ్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతో నోరు మూసుకుంది. "మీ అన్నయ్య చంపేస్తాడు."

"శుక్రవారం నాటికి బొమ్మ కమిటీ గీసింది గీసినట్టే ఉంటుంది. ఆ తర్వాత పళ్ళు పండితే నా తప్పా? పండటం వాటి ధర్మం."

"మరి బతికున్నవాళ్ళ మొహం..."

"మొహం ఎక్కడుంది? వీపు. వీపుకి పద్ధతి అడ్డురాదు."

సివ్ చలికి ముక్కు ఎర్రబడి, పెళ్ళికూతురిలా నవ్వుకుంటూ గ్రావెన్‌స్టైనర్లు ఏరడం మొదలుపెట్టింది. తొడిమ చుట్టూ గుంటలో ఆకుపచ్చ పలచబడుతున్నవి కావాలి. మరీ పచ్చివి పండవు, మరీ ముదిరినవి ముందే గుట్టు బయటపెట్టేస్తాయి. ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి, తొడిమ దగ్గర వాసన చూసి, సగానికి పైగా వెనక్కి పెట్టేశారు.

బుధ, గురువారాలు గుట్ట భాగం వాళ్ళిద్దరే గుచ్చారు. మిగతా ఆడవాళ్ళను గడ్డానికీ, బూట్లకూ, ఆకాశానికీ పంపేసింది గున్వోర్. "గుట్టలో ఏముంది, వట్టి ఆకుపచ్చ, చూస్తేనే నిద్రొస్తుంది, మేం ముసలివాళ్ళం చూసుకుంటాం" అంది. పలక మీద సుద్దముక్కతో ఎవరికీ కనిపించనంత సన్నగా గీసుకుంది. రుమాలు, వీపు, వీపు మీద ఏటవాలుగా సంచి పట్టీ, ఆనిన తుంటి, నిచ్చెన, పైకి చాపిన ఎడమ చెయ్యి. పట్టీ బ్రామ్లీలతో, వీపు గ్రావెన్‌స్టైనర్లతో. గీత లోపల ఒక రకం, బయట ఒక రకం. ఒక్క పండు తారుమారైనా మనిషికి మూపురం మొలుస్తుంది. గురువారం పొద్దుపోయేసరికి సుద్దగీత పళ్ళ కింద దాగిపోయింది. దూరంగా వెళ్ళి చూస్తే గుట్ట గుట్టే. పచ్చగా, అమాయకంగా ఉంది.

శుక్రవారం పొద్దున బాకాలు ఊదారు. పాస్టర్ ఎర్రగడ్డం ఎండలో ధగధగమంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. తోర్కెల్ గడ్డం వైపు చెయ్యి చూపిస్తూ ఉపన్యాసం ఇచ్చాడు, చెల్లెలి వైపు చూసి తల కూడా ఊపాడు. ఆపిల్ కేకు మీద వెనీలా కస్టర్డ్ పోసుకుని జనం గుంపులు గుంపులుగా తిరిగారు. పిల్లలు తాజా ఆపిల్ రసం తాగి గడ్డాల దాకా కార్చుకున్నారు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సముద్రం మీంచి చలి కొట్టడం మొదలైంది. ఎండ మబ్బుల్లోకి పోయి మళ్ళీ రాలేదు. గున్వోర్ రసం కొట్టు దగ్గర గ్లాసులు కడుగుతూ మాటిమాటికీ పలక వైపు చూస్తోంది. చలిలో పళ్ళు పండవు. ఇంత చలిలో అయితే సోమవారానికి కూడా పండవు. సోమవారానికి అవి పందుల కడుపులో ఉంటాయి, బోగ్నా పోలెండ్‌లో ఉంటుంది.

"వచ్చి ఒకసారి ఊదు, పండుతాయేమో" అంది సివ్ గుసగుసగా. హాస్యమాడిందే గానీ ఆమె మొహం కూడా వాడిపోయింది.

సాయంత్రం జనం పలచబడ్డాక తోర్కెల్ పలక దగ్గరకు వెళ్ళాడు. గోరువంకలు ఏమైనా పాడుచేశాయేమో చూడటం ఆయనకు అలవాటు. గుట్ట దగ్గర ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. గ్రావెన్‌స్టైనర్ వాసన తెలియనివాడు హాల్విక్‌లో తోట పెట్టడు. వంగి ఒక పండు వాసన చూశాడు. పక్కది చూశాడు. ఆ తర్వాత వేలు పెట్టి, ఒక పండు నుంచి ఇంకో పండుకు, మెల్లగా గీత వెంట పోవడం మొదలుపెట్టాడు. వేలు కింద నుంచి పైకి పోయింది. ఎడమకు తిరిగింది. అందనంత ఎత్తుకు పోయాక ఆగి, తల పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

గున్వోర్ చేతిలోని గ్లాసు తొట్టిలోకి జారింది. చేతులు తుడుచుకోకుండానే వెళ్ళింది.

"అన్నయ్యా..."

"మాట్లాడకు."

"నేనే చేశాను. వదినకేం సంబంధం లేదు."

"మాట్లాడకన్నానా?" ఆయన ఆమె వైపు చూడలేదు. షెడ్డులోని మనుషుల్ని కేకేశాడు. "టార్పాలిన్లు తీసుకురండి. పెద్దవి. మొత్తం మూసెయ్యండి. రేపు కూడా తియ్యొద్దు!"

శనివారమంతా పలక మీద టార్పాలిన్లే. పండగకు వచ్చినవాళ్ళు వాటి ముందు నిలబడి, వీటిని చూడ్డానికా ఇంత దూరం వచ్చింది అని గొణిగారు. "బొమ్మేదండీ?" అని ఎవరడిగినా తోర్కెల్ ఒకటే జవాబు చెప్పాడు: "జలుబు చేసింది. రేపు రండి." పలక దగ్గరకు ఎవర్నీ పోనివ్వకుండా చుట్టూ తాడు కట్టించాడు. పండగ పుట్టినప్పటి నుంచీ శనివారం నాడు బొమ్మ మూసిపెట్టిన ఏడు లేదు. గున్వోర్‌కు తల ఎత్తుకోవడానికి లేకుండా పోయింది. బోగ్నాకు గౌరవం చేద్దామని పోతే ఊరందరి పండగా చెడిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కూడా కాలేదు, తవ్విన కొండ ఊరి మీద పడింది.

సాయంత్రం ఆమె అన్నగారింటికి వెళ్ళింది. ఇంట్లో సివ్ ఒక్కతే ఉంది.

"ఆయన భోజనానికి కూడా రాలేదు. నాతో మాట్లాడటం లేదు. ఏదైనా అడిగితే తర్వాత, తర్వాత అంటాడు" అంది సివ్.

గున్వోర్ సంచిలోంచి సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. దాని పిడి ఆమె అరచేతికి సరిపడా అరిగి ఉంది. "ఆయనకి ఇచ్చెయ్యి. ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చుకోమను."

"రేపు పొద్దున దాకా ఆగు."

"ఆగితే ఏమవుతుంది వదినా? ఏడుపొస్తుంది, అంతే." అనేసి, అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. సివ్ పక్కన కూర్చుని తనూ కాస్త ఏడ్చి, ఆ తర్వాత ఇద్దరూ మిగిలిన కేకు తినేశారు.

ఆదివారం పొద్దున చర్చి గంటలు ఆగాక జనం రేవులోకి దిగారు. నిన్న చూడలేకపోయినవాళ్ళంతా మళ్ళీ వచ్చారు. చలి అలాగే ఉంది. గున్వోర్ రాకూడదనుకుంది గానీ బోగ్నాను సాగనంపాలి కదా. బస్సు ఆగేది కూడా రేవులోనే.

ఆమె వచ్చేసరికి తోటలో ఉండాల్సిన కోతవాళ్ళంతా రేవులో ఉన్నారు. కొత్తగా వచ్చిన పడుచువాళ్ళు, పోలెండ్ వాళ్ళు, రొమేనియా వాళ్ళు, మట్టి బూట్లతో తాడు పక్కన వరసగా నిలబడ్డారు.

"కోత లేదా?" అంది గున్వోర్ ఆశ్చర్యంగా.

"అధ్యక్షులవారు ఆపేశారట" అంది సివ్. "పండగ ఆదివారం కోత ఆగడం నేను కాపరానికొచ్చాక ఇదే మొదలు."

తోర్కెల్ పలక పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసింది, కోటుకు గడ్డిపోచలు అంటుకున్నాయి. చెల్లెలిని చూసి రమ్మని వేలు ఆడించాడు. ఆమె తాడు కింద నుంచి దూరి వెళ్ళింది.

"పళ్ళు గుచ్చడం వచ్చు గానీ పండబెట్టడం వచ్చా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ చలిలో వదిలేస్తే అవి పండుతాయా? నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

తోర్కెల్ ఒక్క క్షణం ఆలోచించాడు. "లేదు. చెప్పకపోవడమే మంచిదైంది."

టార్పాలిన్ అంచు కాస్త ఎత్తి చూపించాడు. లోపలి నుంచి వెచ్చటి గాలి, దానితో పాటు మగ్గిన పళ్ళ తియ్యటి వాసన ఒక్కసారిగా మొహాన కొట్టాయి. పలక అడుగున బాగా మగ్గిన రాలుపళ్ళ పెట్టెలు వరసగా ఉన్నాయి. మగ్గిన పళ్ళ పక్కన పెడితే పచ్చివి కూడా తొందరపడి పండుతాయని ఏ తోటమాలికైనా తెలుసు. వాటి మధ్య గాజు షెడ్డులో మొక్కలకు పెట్టే హీటరు చిన్నగా ఊదుతోంది. ఒక మూల గడ్డి మీద పరిచిన దుప్పటి, పక్కన కాఫీ ఫ్లాస్కు.

గున్వోర్ ఆ గడ్డినీ, అన్న కోటుకు అంటిన గడ్డిపోచల్నీ మార్చి మార్చి చూసింది.

"శుక్రవారం గీత వెంట వేలు పెట్టుకుంటూ పోయాను" అన్నాడు తోర్కెల్. "కోపంగానే పోయాను. నీ సుత్తి ఎప్పుడు లాక్కుందామా అనే. ఎడమ చెయ్యి దగ్గరకొచ్చేసరికి ఎవరో తెలిసిపోయింది. మొహం లేకపోయినా తెలిసిపోయింది. ఎందుకు తెలిసిందంటావా? ఇన్నేళ్ళూ నేను ఆవిడ వీపే చూశాను, గున్వోర్. ట్రాక్టర్ మీద కూర్చుని, పని ఎంతవరకు అయిందా అని. అంతకు మించి చూడలేదు." ముక్కు తుడుచుకుని, కోటు జేబులోంచి సుత్తి తీశాడు. "ఎవరో మా వంటింట్లో మర్చిపోయారు. ఇంద. మళ్ళీ గీత దాటావంటే మాత్రం ఊరుకోను."

"దాటితే?"

"ముందే చెప్పి దాటు. హీటరు సిద్ధం చేసుకోవాలి."

బోగ్నా వచ్చింది. నీలం రుమాలే, కానీ ఇస్త్రీ చేసింది. చేతిలో పెట్టె, భుజాన సంచి. ఇంతమంది కోతవాళ్ళు రేవులో ఎందుకున్నారో అర్థంకాక, ఎవరైనా పడి దెబ్బ తగిలించుకున్నారేమోనని కంగారుగా అడుగుతోంది. తోర్కెల్ ఉపన్యాసం ఇవ్వలేదు. ఉపన్యాసం ఇవ్వని తోర్కెల్‌ను ఊరు చూడటం అదే మొదటిసారి. టార్పాలిన్ తాళ్ళు చెరో పక్క పట్టుకున్న మనుషులకు తల ఊపాడు.

టార్పాలిన్ కిందకు జారింది.

ముందు ఎవరికీ ఏమీ కనిపించలేదు. అదే పాస్టర్, అదే గడ్డం, అదే పార. ఆ తర్వాత ఆయన వెనక గుట్ట మీద పసుపు రంగు మెల్లగా కళ్ళకు ఆనింది. రుమాలు. వీపు. వీపు మీద ఏటవాలుగా ఆకుపచ్చ పట్టీ. నిచ్చెన కర్రకు ఆనిన తుంటి. అక్కడక్కడ పళ్ళు ఇంకా సగం పండి, లేత ఆకుపచ్చ మిగిలి ఉన్నాయి. అందువల్ల ఆ మనిషి గుట్టలోంచి అప్పుడే బయటకు వస్తున్నట్టుంది. పాస్టర్ కంటే ఎత్తులో ఉంది. చెయ్యి చెట్టు వైపు చాపి ఉంది.

కోతవాళ్ళ వరసలోంచి ఒక పడుచుపిల్ల అరిచింది:

"ఎడమ చెయ్యి! చూడండి, ఎడమ చెయ్యి!"

"బోగ్నా!" అన్నారు ఇంకెవరో. ఆ పేరు వరస నుంచి వరసకు పాకింది. బన్నులు అమ్మేవాళ్ళు, పొగచేపల షెడ్డు వాళ్ళు, ఎగువపేట, దిగువపేట, అందరి నోటా అదే పేరు. ఆమెకు ఒక్కసారీ చెయ్యి ఊపనివాళ్ళు కూడా ఆ పేరు తమకు ముందే తెలిసినట్టు అరుస్తున్నారు. తెలుసు మరి. తలుచుకునే అవసరం రాలేదంతే.

బోగ్నా పెట్టె కింద పెట్టింది. తాడు ఎవరో ఎత్తి పట్టుకున్నారు. పలక దాకా నడిచి వచ్చి, తల పైకెత్తి, కింద నుంచి పైదాకా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, బొమ్మ మొత్తం చూసింది. తొందరపడలేదు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, తలుపు తెరిచే ఉంచి, తనూ చూస్తూ నిలబడ్డాడు.

"నా వీపు నిజంగా అంత వెడల్పా?" అంది బోగ్నా చివరికి.

"కొలిచాను కదా!" అంది గున్వోర్. ఆమె పలక అంచుకు వీపు ఆనించి నిలబడి ఉంది.

"అమ్మా, అలాగే నిలబడు! బొమ్మలోలాగ!" అని కోతవాళ్ళు అరిచారు. "చెయ్యెత్తు!"

"పోండర్రా, భుజం లేదు నాకు" అని విసుక్కుంటూనే బోగ్నా పలక వైపు ఇంకో అడుగు వేసింది. కుడి తుంటి పక్కకు వాల్చింది. ఎడమ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. సగంలో భుజం ఆగింది, ఆమె ఆగలేదు. పూర్తిగా, వేళ్ళ చివర్ల దాకా చాపింది. కింద ఒక వీపు, పైన ఒక వీపు, ఒకటే భంగిమ. రేవులో చప్పట్లు ఒక్కసారిగా మోగాయి. తోర్కెల్ అందరికంటే ముందు మొదలుపెట్టాడు, అరచేతులు ఎర్రబడేలా కొడుతున్నాడు.

జనానికి ఆ రెండు వీపులే కనిపిస్తున్నాయి. పలకకు ఆనుకుని ఎదురుగా ఉన్న గున్వోర్‌కు మాత్రం మొహం కనిపించింది. నవ్వుతోంది. నవ్వుతున్న నోట్లోకి కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఎత్తిన చెయ్యి దించకుండా, రెండో చేత్తో రుమాలు కొస అందుకోవడానికి తడుముకుంటోంది.

"ఒక్క నిమిషం చప్పట్లు ఆగకుండా చూడు" అంది బోగ్నా పెదాలు కదిపీ కదపకుండా. "మొహం తుడుచుకుని తిరుగుతాను."

గున్వోర్ ఆమె తల మీదుగా జనం వైపు చూసి, సుత్తి పైకెత్తి ఊపింది.

"ఏం, అప్పుడే చేతులు నొప్పెట్టాయా? ఇంకా గట్టిగా కొట్టండి!" అని గొంతు చించుకుని అరిచింది.

కొట్టారు.